కాలేయంలోని మచ్చను ముందుగా కనిపెట్టవచ్చునా?

(ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఖరిదాలో తెలుగువారి సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఖరిదా సందుల్లో ఆడుకొని పెరిగినవాడిని నేను. అటువంటి చోట వైద్యుడిగా నిలబడి ఉపన్యసించడం కొంత బిడియంగానే ఉన్నది. చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి బడికి తీసుకువెళ్ళిన పెద్దలు ఇద్దరు ముందు వరుసలోనే కూర్చున్నారు. వారు నన్ను ఇప్పటికీ ‘ఒరే’ అనే పిలుస్తారు. అట్లాగే పిలవాలని నా కోరిక.

బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇక్కడ స్టేషనును, వర్క్‌షాపును నెలకొల్పిన నాటినుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మన తాతముత్తాతలు పొట్ట చేత పట్టుకొని వచ్చారు. బెంగాలీలు, ఒడియావారు, హిందీవారు, తమిళులు, పంజాబీలు వారికి ఇరుగుపొరుగులైనారు. ఒకే సైరను కూతకు అందరూ లేచారు, ఒకే డిస్పెన్సరీ ముందు వరుసలో నిలబడ్డారు. ఆనాటి వరుసలు మలేరియా కోసం, కలరా కోసం, క్షయ కోసం. ఈనాటి వరుస చక్కెర వ్యాధి కోసం, రక్తపోటు కోసం. ఈ రెండింటి వెంట చప్పుడు లేకుండా నడిచివచ్చే మూడవ వ్యాధి ఒకటి ఉన్నది. దానిని గురించియే ఈ సాయంకాలం నాలుగు మాటలు చెప్పదలిచాను. స్కానింగు కాగితం మీద ‘ఫ్యాటీ లివర్’ అని వ్రాసి ఉండగా చూడనివారు ఈ సభలో తక్కువమందే ఉంటారనుకొంటాను.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఇది ఇంతకాలం మా కుటుంబంలో పదిమందిలో అనని మాట. చెప్పడానికి మా అన్నయ్యగారి అనుమతి తీసుకొన్నాను.

మా పెదనాన్నగారు వర్క్‌షాపులో ఫిట్టరు. సన్నని మనిషి. మద్యం ముట్టినవారు కారు. పెండ్లిళ్ళలో, జీతాల రోజున తోటివారు ఎంత బలవంతపెట్టినా ముట్టలేదు. నలభై దాటిన తరువాత చక్కెర వ్యాధి వచ్చింది. 1987 చలికాలంలో ఆయనకు పొట్ట ఉబ్బింది, కాళ్ళు వాచాయి, ఒక రాత్రి రక్తం కక్కుకొన్నారు. ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. ఏ ఆస్పత్రి అన్నది అప్రస్తుతం. అక్కడి వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న: “ఎన్నేళ్ళుగా తాగుతున్నారు?” పెదనాన్నగారు, “జీవితంలో ముట్టలేదు బాబూ” అన్నారు. వైద్యుడు చిరునవ్వు నవ్వి కాగితం మీద ‘మద్యపానజనిత సిరోసిస్’ అని వ్రాసుకొన్నాడు. పందొమ్మిది రోజులకు పెదనాన్నగారు పోయారు. ఆ కాగితం మాత్రం పోలేదు. అందులోని మాట ఎట్లాగో బయటికి పొక్కింది. మా అక్కయ్యకు కుదిరిన సంబంధం ఒకటి చెడిపోయింది. పెద్దమ్మ ఆ తరువాత ఎవరి ఇంటి పేరంటానికీ వెళ్ళలేదు. పిల్లలు ముగ్గురూ తండ్రి ఏ జబ్బుతో పోయాడని ఎవరడిగినా, “గుండె” అని చెప్పడం నేర్చుకొన్నారు.

ఆ వైద్యుడిని ఈనాడు నిందించి ప్రయోజనం లేదు. ఆయన చదువుకొన్న పుస్తకాలలో లేని విషయం అది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వ్యాధినిర్ణయ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలసి, మద్యం అలవాటు లేని 20 మంది రోగుల కాలేయపు ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసి, అవి అచ్చంగా తాగుబోతుల కాలేయాల వలెనే ఉన్నవని 1980లో ప్రకటించారు. అంతకుముందు ఈ స్థితికి సరియైన పేరైనా లేదు. ఆ పేరు మన జిల్లా ఆస్పత్రులకు చేరడానికి చాలా కాలం పట్టింది. కారణం తెలియని సిరోసిస్ అని వ్రాసి పక్కన పెట్టిన కేసులలో పెక్కింటికి మూలం ఈ కొవ్వేనని 1990వ దశకంలో గాని బోధపడలేదు. తెలియకపోవడం తప్పు కాదు. రోగి మాటను నమ్మకపోవడం మాత్రం తప్పు. నా విద్యార్థులకు ఈ భేదాన్ని చెబుతూనే ఉంటాను.

ఇక విషయంలోకి వస్తాను. కాలేయం మన కడుపులో కుడివైపున, పక్కటెముకల క్రింద ఒదిగి ఉండే అవయవం. ప్రేగుల నుంచి వచ్చే రక్తమంతా మొదట దానిలోనికే పోతుంది. తిన్న తిండిలో మిగిలినదాన్ని అది కొవ్వుగా మార్చి నిలువచేస్తుంది. నూటికి 5 కణాలకు మించి కొవ్వు చేరితే దానిని కొవ్వు పట్టిన కాలేయమంటారు. కొవ్వు చేరినంత మాత్రాన ప్రాణానికి ముప్పు లేదు. చాలామందిలో అది అట్లాగే ఉండిపోతుంది. కొందరిలో మాత్రం ఆ కొవ్వు కణాన్ని గాయపరుస్తుంది, వాపు పుడుతుంది. అప్పుడు మూడవ పాత్ర రంగప్రవేశం చేస్తుంది.

జర్మన్ శాస్త్రజ్ఞుడు కుప్ఫర్ 1876లోనే కాలేయంలో నక్షత్రాకార కణాలను చూశాడు. సాధారణంగా వాటి పని ఎ విటమిన్‌ను దాచుకొని మౌనంగా కూర్చోవడం. చుట్టుపక్కల కణాలు గాయపడితే అవి తమ రూపం మార్చుకొని కొల్లాజన్ అనే నారను నేయడం మొదలుపెడతాయి. మోకాలికి దెబ్బ తగిలితే చర్మం మీద మచ్చ కట్టినట్లే ఇదీను. మోకాలి గాయం ఒకనాటిది, కాలేయపు గాయం ప్రతి దినమూ తగిలేది. కనుక మచ్చ మీద మచ్చ పడుతుంది. ఈ మచ్చకట్టడాన్ని ఫైబ్రోసిస్ అంటారు. సున్న నుంచి నాలుగు వరకు దానికి దశలున్నవి. నాలుగవ దశయే సిరోసిస్. అప్పటికి మెత్తని అవయవం గడ్డలు గడ్డలుగా గట్టిపడి, రక్తం దానిలోనుంచి సాఫీగా పోలేక వెనుకకు తన్నుకొంటుంది. పొట్టలో నీరు చేరడం, అన్నవాహికలో సిరలు ఉబ్బి పగలడం, మా పెదనాన్నగారికి జరిగినదంతా ఆ ఎదురు ఒత్తిడి ఫలితమే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. స్కానింగు కాగితం మీద ‘గ్రేడ్ 1’, ‘గ్రేడ్ 2’ అని ఉంటుంది. చాలామంది దానిని వ్యాధి దశగా భావిస్తారు. నా వద్దకు వచ్చేవారిలో సగంమంది, “గ్రేడ్ ఒకటే కదండీ, భయం లేదుగా” అంటారు. ఆ గ్రేడు కొవ్వు ఎంత ఉన్నదో చెబుతుందే గాని మచ్చ ఎంత ఉన్నదో చెప్పదు. అంతకంటె చిత్రం: మచ్చ ముదిరి సిరోసిస్ అయ్యేసరికి కొవ్వు క్రమంగా మాయమవుతుంది. అనగా గ్రేడు తగ్గుతూ ఉండగా వ్యాధి పెరుగుతూ ఉండవచ్చును! అట్లాగే ఎస్‌జీపీటీ సాధారణ పరిమితిలో ఉన్నది కాబట్టి కాలేయం క్షేమమనుకోవడమూ పొరపాటే. మచ్చ ముదిరినవారిలో సైతం అది మామూలుగా కనిపించవచ్చును.

మరి చూడవలసినది దేనిని? 2015లో అంగులో, ఆయన సహచరులు వివిధ దేశాలకు చెందిన 619 మంది రోగులను దీర్ఘకాలం గమనించి ఒక నిర్ణయానికి వచ్చారు. కొవ్వు ఎంత, వాపు ఎంత అన్నవాటిని మించి, రోగి భవిష్యత్తును సూచించినది మచ్చ దశ ఒక్కటే. కనుక ఈ వ్యాధిలో జోస్యం అంటూ ఉంటే అది మచ్చను గురించిన జోస్యమే. మచ్చ ఒక దశ నుంచి మరొక దశకు పోవడానికి, కేవలం కొవ్వు ఉన్నవారిలో సగటున 14 ఏండ్లు, వాపు కూడా ఉన్నవారిలో సుమారు 7 ఏండ్లు పడుతున్నదని 2015లోనే వెలువడిన మరొక సమీక్ష లెక్కకట్టింది. సగటు అన్నాను, కొందరిలో ఇది త్వరితగతిని సాగుతుంది. అయినా ఏండ్ల వ్యవధి ఉన్నదన్నది గమనించవలసిన అంశం. పెదనాన్నగారికి కూడా ఆ వ్యవధి ఉండి ఉంటుంది.

మచ్చను నేరుగా చూడాలంటే సూదితో కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూడాలి. 1958లో ఇటలీకి చెందిన మెంఘిని ఈ పనిని ఒక్క సెకనులో ముగించే సూదిని వర్ణించాడు. ఆనాటినుంచి అది ప్రామాణిక పరీక్ష. కాని ఆ ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు మాత్రమే. ఒకచోట మచ్చ ఎక్కువ, మరొకచోట తక్కువ ఉండవచ్చును. పైగా రక్తస్రావ భయం ఉన్నది, ఖర్చు ఉన్నది. కోట్ల మందికి సూది గుచ్చడం సాధ్యమయ్యే పని కాదు. అందుచేత వైద్యులు చవకైన ఆనవాళ్ళ కోసం వెదికారు.

ఆ వెదకులాటలో దొరికినది ఒక చిన్న లెక్క. పేరు ఫిబ్-4. 2006లో స్టెర్లింగ్, ఆయన సహచరులు దీనిని వేరొక అవసరానికి తయారుచేశారు. హెచ్.ఐ.వి.తో పాటు హెపటైటిస్ సి ఉన్న రోగుల కోసం కట్టిన సూత్రమది. తరువాత కొవ్వు కాలేయానికీ పనికివస్తున్నదని తేలింది. దీనికి కావలసినవి నాలుగే: వయస్సు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య. కొన్ని ప్రయోగశాలలు ఎస్‌జీఓటీని ఏఎస్‌టీ అనీ, ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అనీ ముద్రిస్తాయి, రెండూ ఒకటే. వయస్సును ఎస్‌జీఓటీతో గుణించండి. వచ్చినదాన్ని పక్కన పెట్టుకోండి. ఎస్‌జీపీటీకి వర్గమూలం కట్టి, దానిని ప్లేట్‌లెట్ల సంఖ్యతో గుణించండి. లక్షా అరవై వేలుంటే 160గా తీసుకోవాలి. మొదటిదాన్ని రెండవదానితో భాగించండి. వచ్చిన అంకె 1.3కు తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే అవకాశం ఎక్కువ. నడుమ ఉన్నవారిది సందిగ్ధస్థితి. 65 ఏండ్లు దాటినవారికి క్రింది హద్దు 1.3 కాదు, 2.

ఈ నాలుగు అంకెలే ఎందుకు అని మీరడగాలి. వర్క్‌షాపు మనుషులు యంత్రం ఎట్లా తిరుగుతున్నదో తెలియనిదే దానిని నమ్మరని నాకు తెలుసు. వయస్సు ఎందుకంటే మచ్చ కాలంతోపాటు పేరుకొనేది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ కాలేయ కణాలు గాయపడినప్పుడు రక్తంలోకి జారేవే. మొదట్లో ఎస్‌జీపీటీ పైచేయిగా ఉంటుంది, మచ్చ ముదిరినకొద్దీ ఎస్‌జీఓటీ దానిని దాటిపోతుంది. అందుకే ఒకటి లెక్కలో పైన ఉన్నది, రెండవది క్రింద ఉన్నది. ప్లేట్‌లెట్ల కథ మరింత సొగసైనది. గట్టిపడిన కాలేయం నుంచి రక్తం వెనుకకు తన్నినప్పుడు ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో బంధించుకొంటుంది. ప్లేట్‌లెట్ల తయారీని ప్రేరేపించే పదార్థాన్ని తయారుచేసేది కూడా ప్రధానంగా కాలేయమే; అదీ తగ్గుతుంది. కాబట్టి వ్రేలి చివర తీసిన రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండటం, కాలేయంలోని అడ్డుగోడకు దూరాన వినిపించే ప్రతిధ్వని వంటిది.

పెద్దమ్మ పోయిన తరువాత ఆమె ట్రంకు పెట్టెలో పెదనాన్నగారి పాత కాగితాలు దొరికాయి. 1981లో ఏదో జ్వరానికి చేయించిన పరీక్షల చీటీ ఒకటి అందులో ఉన్నది. వయస్సు 51. ఎస్‌జీఓటీ 64. ఎస్‌జీపీటీ 36. ప్లేట్‌లెట్లు లక్షా ఐదు వేలు. ఆ చీటీ వెనుకనే నేను పెన్సిలుతో లెక్క కట్టాను. 51ని 64తో గుణిస్తే 3,264. 36కు వర్గమూలం 6, దానిని 105తో గుణిస్తే 630. భాగిస్తే 5.18. ఆనాటి పరీక్షా విధానాలు నేటివి కావు, పైగా అప్పుడాయనకు జ్వరం కూడాను. కనుక ఈ అంకెను అక్షరాలా నమ్మమని చెప్పను. ఎంత తగ్గించి చూసినా అది హద్దుకు ఎగువనే ఉంటుంది. రక్తం కక్కుకోవడానికి ఆరేండ్ల ముందే, నాలుగు అంకెలూ ఒకే చీటీ మీద వరుసగా ఉన్నవి. వాటిని కలిపి చదివే సూత్రం పుట్టడానికి మరి 25 ఏండ్లు పట్టింది.

మనవారిని బాధించే మరొక విషయం సన్నగా ఉన్నవారికి ఈ జబ్బు రాదనే నమ్మకం. దీనికి సమాధానం మన రాష్ట్రంలోనే దొరికింది. బీర్భూమ్ జిల్లా గ్రామాలలో కలకత్తా వైద్యులు జరిపిన పరిశీలన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. 1,911 మందిని పరీక్షించగా 8.7 శాతం మందిలో కొవ్వు కాలేయం కనిపించింది. అందులో నూటికి 75 మంది బాడీ మాస్ ఇండెక్స్ 25కు లోపే! సగానికి పైగా, అనగా 54 శాతం మంది, లావూ కారు, పొట్టా లేదు. పొలం పనులు చేసుకొనే పేదలలో ఇంత ఉన్నదంటే కుర్చీ పనులవారి సంగతి ఊహించుకోవచ్చును. మనవంటి రైల్వేవారి సంగతి కావాలంటే బొంబాయి రైల్వే కాలనీల పరిశీలన ఉన్నది. 2007లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 20 ఏండ్లు దాటినవారిలో దాదాపు 19 శాతం మందికి ఈ స్థితి ఉన్నట్లు తేలింది. స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువ. మద్రాసు నగరంలో 2009 నాటి లెక్క 32 శాతం, అక్కడి చక్కెర రోగులలో సగానికి మించి. 2022లో దేశంలోని అధ్యయనాలన్నింటినీ కలిపి చూసినవారు పెద్దలలో 38.6 శాతమన్నారు. ఏ భాష మాట్లాడే కాలేయమైనా ఈ విషయంలో మినహాయింపు పొందలేదు. వీరందరికీ మచ్చ ఉన్నదని నేననడం లేదు. ఇంతమందిలో మచ్చ ఉన్న కొద్దిమందిని ఏరడమే మన సమస్య.

ఇక్కడ జోస్యాల గణితం కొంచెం చూడాలి. ఊహకు ఒక కాలనీలో వేయిమంది ఉన్నారనుకొందాం. వారిలో 50 మందికి ముదిరిన మచ్చ ఉన్నదనుకొందాం. మన పరీక్ష ఆ 50 మందిలో 40 మందిని పట్టుకొంటుంది. మచ్చ లేని 950 మందిలో పదింట ఒకరిని, అంటే 95 మందిని, పొరపాటుగా అనుమానిస్తుంది. మొత్తం అనుమానితులు 135 మంది. వారిలో నిజంగా జబ్బున్నవారు 40 మందే, మూడోవంతుకు కూడా తక్కువ. కాని ‘భయం లేదు’ అని పంపించిన 865 మందిలో తప్పిపోయినవారు 10 మందే. అనగా ఈ లెక్క ‘లేదు’ అన్నప్పుడు చాలావరకు నమ్మవచ్చును; ‘ఉన్నది’ అన్నప్పుడు రెండవ పరీక్ష కావాలి. అంకె ఎక్కువ వచ్చిందని ఎవరూ ఇంటికి వెళ్ళి వీలునామా వ్రాయనక్కరలేదు.

ఈ సూత్రాన్ని తప్పుదారి పట్టించే సందర్భాలు మన ఊళ్ళో ఎక్కువ. డెంగ్యూ, మలేరియా జ్వరాలలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది. వానకాలపు జ్వరంలో తీసిన రక్తంతో ఫిబ్-4 కడితే ఆరోగ్యవంతుడు కూడా సిరోసిస్ రోగిగా కనిపిస్తాడు. జ్వరం తగ్గి కొన్ని వారాలు గడిచిన తరువాతనే కట్టాలి. ఎస్‌జీఓటీ కండరాలలోనూ ఉంటుంది. అలవాటు లేని బరువులు మోసిన మరునాడు అది పెరగవచ్చును. 35 ఏండ్లకు లోపువారిలో ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు లేవని విడిగా పరీక్షించి తెలుసుకోవాలి. మద్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొవ్వు పట్టిన కాలేయానికి అది నిప్పు మీద నెయ్యి. “ఇది తాగనివాళ్ళకు వచ్చేదే కదా” అని ఎవరైనా నేడు ఊరట పొంది ఇంటికి పోతే నా ఉపన్యాసం వృథా.

రెండవ పరీక్ష ఎలాస్టోగ్రఫీ. ఫైబ్రోస్కాన్ అనే యంత్రం పేరుతోనే అది ఎక్కువగా ప్రసిద్ధం. ఫ్రాన్స్ దేశంలో 2003 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. దీనిని మీకు వివరించడం సులభం. ఒకప్పుడు బండి ఆగగానే టి.ఎక్స్.ఆర్. సిబ్బంది పొడుగాటి సుత్తితో చక్రాలను తడుతూ పోయేవారు గుర్తున్నదా? మంచి చక్రం గంటలా మోగేది, బీట పడినది బొంగురుగా పలికేది. చక్రం విప్పకుండానే లోపలి సంగతి తెలిసేది. ఈ యంత్రమూ అంతే. పక్కటెముకల నడుమ చర్మం మీద చిన్న తట్టు తడుతుంది. ఆ కంపనం కాలేయంలో ఎంత వేగంగా ప్రయాణించిందో ధ్వని తరంగాలతో కొలుస్తుంది. మెత్తని కాలేయంలో తరంగం మందగతిని, గట్టిపడినదానిలో వేగంగా పోతుంది. ఫలితాన్ని కిలోపాస్కల్స్‌లో ఇస్తారు. 8కి లోపైతే ముదిరిన మచ్చ దాదాపు లేనట్లే. 12 దాటితే ఉన్నదనే అనుమానం బలపడుతుంది. పరీక్షకు ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. తింటే కాలేయంలోకి రక్తప్రవాహం పెరిగి అంకె తప్పుగా పెరుగుతుంది. కామెర్లున్నప్పుడు, గుండె బలహీనమైనప్పుడు కూడా అంతే.

ఇప్పుడు మా అన్నయ్యగారి సంగతి. పెదనాన్నగారి పెద్దకొడుకు. 2016లో ఆయనకు 58 ఏండ్లు, చక్కెర వ్యాధి వచ్చి పదేండ్లు. అప్పటివరకు ఏ వైద్యుడు కుటుంబ చరిత్ర అడిగినా ‘నాన్నకు గుండెజబ్బు’ అనే చెబుతూ వచ్చారు. ఒకనాడు నాతో కూర్చుని ఆ చీటీ చూసిన తరువాత తానే రక్తపరీక్ష చేయించుకొన్నారు. ఎస్‌జీఓటీ 45, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు లక్షా తొంభై వేలు. లెక్క కట్టితే 1.96. సందిగ్ధ మండలం. కలకత్తాలో ఎలాస్టోగ్రఫీ చేయించాము: 10.4. అదీ సందిగ్ధమే గాని ఊరుకోదగినది కాదు. ఆ మరుసటి ఏడే, 2017లో, అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. ఈ కొవ్వు వల్ల సిరోసిస్ వచ్చినవారి తోబుట్టువులలో, సంతానంలో, తల్లిదండ్రులలో ముదిరిన మచ్చ ఉండే అవకాశం ఇతరులకంటె 12 రెట్లని దాని సారాంశం. ఇందుకు కొంత కారణం జన్యువులు. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులోని ఒక మార్పును 2008లోనే గుర్తించారు. మిగిలిన కారణం ఒకే వంటింటి కూడు. ఆ కాగితం మీద వ్రాసిన తప్పుడు మాట మా పెదనాన్నగారి పరువునే కాదు, ఆయన పిల్లల జాగ్రత్తను కూడా తీసుకుపోయిందని నాకప్పుడు అర్థమైంది. తండ్రి తాగి పోయాడని లోకమనుకొంటే, తాగని కొడుకు తన కాలేయాన్ని ఎందుకు చూపించుకొంటాడు?

2023 జూన్‌లో అనేక దేశాల వైద్య సంఘాలు కలసి ఈ వ్యాధి పేరునే మార్చాయి. పాత పేరులో ‘మద్యం’ అన్న మాట ‘కాదు’ అన్న మాటతో కలిసి ఉండేది. లేనిదాన్ని పేరులో పెట్టడం వల్ల అనుమానమే మిగిలింది. ఇప్పుడు జీవక్రియా లోపాలతో ముడిపడిన కొవ్వు కాలేయ వ్యాధి అంటున్నారు. పేరు పొడుగైనదే. అయినా నాకు నచ్చింది.

అన్నయ్యగారు 74 కిలోలుండేవారు. 14 నెలలలో 7 కిలోలు తగ్గారు. ఇందులో రహస్యమేమీ లేదు. రాత్రి అన్నం సగం చేశారు, శీతలపానీయాలు, మిఠాయిలు మానారు; బెంగాలులో ఉండి మిఠాయి మానడం ఎంత తపస్సో మీకు చెప్పాలా? తెల్లవారగట్ల స్టేషనుకు వెళ్ళి నడిచేవారు. మన ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి గాని, నడిచేవారికి అదేమీ లోటు కాదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కావాలంటారు. మన ప్లాట్‌ఫారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు పన్నెండు, పదమూడు సార్లు నడిస్తే ఆ లెక్క సరిపోతుంది. 2018లో తిరిగి కొలిపిస్తే ఎలాస్టోగ్రఫీ 7.8కి దిగింది. ఒక్క మనిషి అనుభవం ప్రమాణం కాదంటారేమో. హవానా నగరంలో 293 మంది రోగులను ఏడాదిపాటు ఆహార నియమాలలో, వ్యాయామంలో ఉంచి సూది పరీక్ష తిరిగి చేశారు. శరీర బరువులో 10 శాతమో అంతకు మించో తగ్గినవారిలో 45 శాతం మందికి మచ్చ దశ వెనుకకు మళ్ళింది. ఇది 2015లో ప్రచురితమైనది. మచ్చ పడితే పడినట్లే అని మేము విద్యార్థులుగా చదివిన పాఠం అక్కడ తప్పింది.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను. రెస్మెటిరోమ్ అనే మాత్రకు అమెరికాలో 2024 మార్చిలోను, సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షనుకు 2025 ఆగస్టులోను అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యాధికి అనుమతినిచ్చింది. రెండూ మధ్యస్థంగా లేక ముదిరి మచ్చ పడినవారికే గాని సిరోసిస్ వచ్చినవారికి కాదు. అనగా మందు వచ్చినా దశ ఏదో ముందుగా తెలియవలసిందే. ఎవరికి వారు దుకాణంలో కొని వాడవలసిన వస్తువులు కావవి. కాలేయం శుభ్రపరుస్తామని చెప్పే కషాయాల మీద డబ్బు పోయవద్దు. వాటిలో కొన్ని కాలేయాన్నే దెబ్బతీసిన కేసులు నేను చూశాను.

భారత ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ఈ వ్యాధిని అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలను సవరించి, శిక్షణ పుస్తకాన్ని కూడా వెలువరించింది. కాగితం మీద పని జరిగింది. క్షేత్రంలో జరగవలసినది మనం అడిగితేనే జరుగుతుంది. చక్కెర పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ రక్తంతోనే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు కూడా చూడమని అడగండి. చక్కెర వ్యాధి ఉన్నవారు, నడుము కొలత పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 దాటినవారు, ఇంట్లో ఎవరైనా కాలేయం గట్టిపడి పోయినవారు, ముఖ్యంగా తాగకుండానే అట్లా పోయినవారుంటే, తప్పక అడగాలి. 1.3కు లోపు వచ్చి చక్కెర వ్యాధి లేనివారు రెండు మూడేండ్లకు ఒకసారి, ఉన్నవారు ఏడాది రెండేండ్లకు ఒకసారి తిరిగి కట్టుకొంటే చాలు.

ఇంట్లో అట్లా పోయినవారి సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకొన్నవారు ఈ సభలో మేమొక్కరమే కాకపోవచ్చును. వైద్యుడి చెవిన మాత్రం వేయండి.

సభ ముగిసిన తరువాత నేను వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటాను. పాత రిపోర్టులు తెచ్చినవారు వరుసగా రండి, మా అన్నయ్యగారు కూడా పక్కన కూర్చుని లెక్కలు కడతారు. నాకంటె ఆయనకు గుణకారం బాగా వచ్చును. గడచిన నెలలో జ్వరం వచ్చినవారు మాత్రం ఇంకో మూడు వారాలాగి, క్రొత్తగా రక్తపరీక్ష చేయించుకొని రండి.